బాపు గురించి నాలుగు మాటలు రాయలేకపోతున్నాను

ప్రశ్న:

మాది గోదావరిఖని. మా బాపు 1984లో సింగరేణిలో బదిలీ ఫిల్లర్‌గా చేరి, అండర్‌గ్రౌండ్‌లోనే పనిచేసి 2019లో రిటైరయ్యారు. పోయినేడు ఆషాఢంలో కాలం చేశారు. వచ్చే నెలలో సంవత్సరీకం. తమ్ముడు ఐదొందల మందికి భోజనాలు పెడదామని, చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టిద్దామని పట్టుబట్టాడు. దానికి రెండు లక్షలు అప్పు తేవాలి. బాపు గిరిగిరి వాళ్ళ (వడ్డీ వ్యాపారుల) బాకీ తీర్చడానికి ఏళ్ళ తరబడి ఆదివారాలు ప్లేడేలు (సెలవు రోజు డ్యూటీలు) చేసిన మనిషి, అందుకే నాకు మనసొప్పడం లేదు. ఫ్లెక్సీ మీద పేరు దగ్గరా గొడవే. బాయి (బొగ్గుగని) మీద బాపుది ఒక పేరు, ఊళ్ళో ఇంకో పేరు. తమ్ముడు కంపెనీ పేరే వేయాలంటాడు. ఊరి పేరు వేయకపోతే మేం రామని చిన్నబాపు వాళ్ళంటున్నారు.

ఆ రోజు నాలుగు మాటలు రాసి చదివే పని నాకు అప్పగించారు. "కష్టజీవి, మా కోసం రెక్కలు ముక్కలు చేసుకున్నారు" దగ్గరే ఆగిపోతున్నాను. మేం బడికి పోయేటప్పటికి ఆయన బాయి దగ్గర, వచ్చేటప్పటికి నిద్రలో. షిఫ్టు దిగి వస్తూ క్యాంటీన్ పూరీలు కాగితంలో కట్టుకొచ్చేవారు, అది గుర్తుంది. జీతాల రోజు తాగొచ్చి అమ్మతో గొడవపడేవారు, అదీ గుర్తుంది. బాపు మెడికల్ అన్‌ఫిట్ పెట్టుకొని ఉద్యోగం తనకు ఇప్పించలేదని తమ్ముడికి బాధ. వాడిప్పుడు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. అమ్మను అడిగితే "మీ ఇష్టం" అంటుంది. బాపు హెల్మెట్, బూట్లు దర్వాజ వెనక పెట్టి ఎవరినీ ముట్టనివ్వదు. బాపుతో చాలా ఏళ్ళు జోడీగా పనిచేసిన పెద్దాయన ఒకరున్నారు, ఆయాసంతో ఇల్లు కదలరు. పనే తప్ప ఇంకేమీ లేని మనిషి గురించి ఏం గుర్తుచేసుకోవాలి?

ఒక కూతురు

సమాధానం:

అమ్మా, మీ ఆఖరి ప్రశ్ననే ముందు తీసుకుంటాను. మిగతా గొడవలన్నీ దాని దగ్గరే ముడిపడి ఉన్నాయి.

"పనే తప్ప ఇంకేమీ లేని మనిషి" అని రాశారు. ముప్పై అయిదేళ్ళు ఒక మనిషి ఒకే పని చేస్తే ఆయన తెలివి, భయం, స్నేహాలు, మొండితనం అన్నీ ఆ పనిలోనే ఉంటాయి. మీ బాపు మీకు తెలియకపోవడానికి కారణం ఆయన పని మీకు కనిపించకపోవడమే. రైతు బిడ్డ పొలం గట్టు మీద పెరుగుతుంది. సిరిసిల్లలో పిల్లలు సాంచాల (మరమగ్గాల) చప్పుడులోనే నిద్రపోతారు. బొగ్గుబాయి పిల్లలకు మాత్రం తండ్రి పని గేటు దగ్గరే ఆగిపోతుంది. సద్ది గిన్నె పట్టుకొని లోపలికి పోయిన మనిషిని చూస్తారు, మసి ముఖంతో బయటికొచ్చిన మనిషిని చూస్తారు. మధ్యలో ఎనిమిది గంటలు ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనా చెప్పరు. ఇంటికొచ్చాక బాయి మాట ఎత్తితే ఆడవాళ్ళకు భయమని చాలామంది ఎత్తరు.

కాబట్టి ఈ నెల రోజులూ కాగితం ముందు కూర్చోవడం మానేయండి. ఆయన పని ఎట్లా ఉండేదో తెలుసుకునే పని పెట్టుకోండి. రాయడం దానంతట అదే వస్తుంది.

1984లో బదిలీ ఫిల్లర్‌గా చేరారన్నారు. అందులోనే ఎంతో ఉంది. బదిలీ కార్మికుడంటే సొంత జాగా లేనివాడు. పర్మనెంటు వాళ్ళలో ఎవరైనా నాగా పెడితే ఆ రోజు మస్టర్ (హాజరు) పడుతుంది, లేకపోతే సద్ది గిన్నె విప్పకుండానే ఇంటికి. ఏడాదికి 190 మస్టర్లు నిండాయా లేదా అని అండర్‌గ్రౌండ్ కార్మికుల ఇళ్ళల్లో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవారు. గనుల చట్టం ప్రకారం జీతంతో సెలవులు రావాలన్నా ఆ లెక్కే. ఇక ఫిల్లరంటే, మందు పేల్చాక రాలిన బొగ్గును చెమ్మస్‌తో (పారతో) తట్టలోకి ఎత్తి, తట్ట మోసుకుపోయి టబ్బులో పోసే మనిషి. నింపినదాన్ని బట్టే కూలి. నడుముకు బ్యాటరీ, తల మీద ల్యాంపు, ఆ ల్యాంపు ఎటు తిప్పితే అటే వెలుగు, మిగతాదంతా చీకటి. తర్వాత బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాయి, తట్టలు పోయాయి, ఫిల్లర్లను వేరే పనుల్లోకి మార్చారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు 40 వేల దరిదాపు. మీ బాపుతో పాటు ఆయన చేసిన పని కూడా కాలంలో కలిసిపోయింది. ఆ పని చేతులతో చేసినవాళ్ళు ఇప్పుడు అరవైల్లో, డెబ్భైల్లో ఉన్నారు, చాలామందికి ఒంట్లో బాగుండదు. ఫ్లెక్సీ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వేసుకోవచ్చు. వీళ్ళను అడగడం మాత్రం వచ్చే ఏడుకు వాయిదా వేయలేరు.

ఎవరిని అడగాలో మీకు తెలుసు. ఎట్లా అడగాలన్నదే ముఖ్యం. "మా బాపు ఎట్లాంటి మనిషి కాకా?" అని అడిగితే "చానా మంచోడు బిడ్డా" అంటారు, కళ్ళు తుడుచుకుంటారు, అక్కడితో అయిపోతుంది. పోయిన మనిషి కూతురు ఎదురుగా కూర్చుంటే ఎవరైనా అదే అంటారు. అందుకని పనిని అడగండి. బాపు మొదటి రోజు దిగినప్పుడు పక్కన ఎవరున్నారు? భయపడ్డారా? చెమ్మస్ పట్టడం ఎవరు నేర్పారు? సద్దిలో ఏం తెచ్చేవారు, ఎవరితో పంచుకునేవారు? పని చూసే ఏ సర్దార్‌తో పడేది, ఎవరితో పడేది కాదు? లోపల పాట పాడేవారా, మాట్లాడకుండా చేసుకుపోయేవారా? ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? తగిలితే ఇంట్లో ఏమని చెప్పారు? ఇట్లా అడిగితే ముసలివాళ్ళ ముఖాలు మారిపోతాయి. వాళ్ళను ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నలు ఎవరూ అడిగి ఉండరు, వాళ్ళ సొంత పిల్లలు కూడా.

ఒక పాత ఫిల్లర్ నాతో చెప్పిన మాట రాస్తాను, ఎలాంటివి దొరుకుతాయో మీకు తెలుస్తుంది. వాళ్ళ జట్టులో ఒకాయన ఉండేవాడట. పనిలోకి దిగగానే ఎవరినీ చెమ్మస్ ముట్టనిచ్చేవాడు కాదు. కర్ర తీసుకొని గని పైకప్పును తడుతూ పోయేవాడు. గట్టి రూఫ్ అయితే ఖంగుమంటుంది, వదులైతే డొల్ల చప్పుడొస్తుంది. అనుమానం ఉన్నచోట ఎడమ చెయ్యి పైకి లేపేవాడు. అంతే, జట్టంతా ఊపిరి బిగబట్టి నిలబడేది. మళ్ళీ తట్టి, ఇంకోసారి తట్టి, "ఇక్కడ వద్దు" అంటే ఎంత బొగ్గు పడి ఉన్నా సరే, ఊతంగా టింబర్ (కర్ర దుంగలు) పెట్టేదాకా ఎవరూ అడుగు ముందుకు వేసేవారు కాదు. పీస్‌రేటు పనిలో అట్లా ఆగడమంటే అందరి కూలీ తగ్గడం. తిట్టుకునేవారు కూడా. "కానీ ఆయన ఉన్నన్నాళ్ళు మా జట్టుల ఒక్కని కాలు ఇరగలే" అన్నాడు ఈ పెద్దమనిషి. ఆ రూఫ్ తట్టిన మనిషికి ఇంటి దగ్గర ఒక అలవాటుండేదట. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు ఒకసారి పైకప్పు వంక చూసేవాడు. పెళ్ళాం పిల్లలకు అది ఒక వింత. ఆయన పోయాక, దినాల నాడు ఈయన చెప్తేనే ఆ చూపు ఎక్కడిదో వాళ్ళకు తెలిసింది.

మీ బాపుకు కూడా ఇంట్లో ఇట్లాంటి అలవాట్లు ఉండే ఉంటాయి. పడుకునే తీరు, నీళ్ళు తాగే తీరు, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం, వాన ఎక్కువ పడితే అటూ ఇటూ తిరగడం, ఏదో ఒకటి. మీకూ తమ్ముడికీ చిన్నప్పుడు చిరాకు తెప్పించినవి కూడా రాసి పెట్టుకొని ఆ జోడీ పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళండి. సగానికి బాయిలో జవాబు దొరుకుతుంది.

రెండు మూడు పెద్ద సంగతులు మీ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉంటాయి, వాటినీ అడగండి. 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు కమ్మి 17 మంది ప్రాణాలు పోయినప్పుడు మీ బాపు ఏ షిఫ్టులో ఉన్నారు? ఆ మర్నాడు తన బాయిలోకి ఎట్లా దిగారు? అమ్మ పోనిచ్చిందా? 2011లో సకల జనుల సమ్మె నడిచినప్పుడు సింగరేణి కార్మికులు నెలకు పైగా పనిలోకి దిగలేదు. ఆ నెల జీతం లేకుండా ఇల్లు ఎట్లా నడిచింది? దుకాణం బాకీ ఎవరు ఆపారు, గిరిగిరి వాడికి ఏం చెప్పారు? ఇది అమ్మకే తెలుస్తుంది. నేను చూసినంతలో, "ఆయన గురించి చెప్పమ్మా" అంటే నోరు మెదపని ఆడవాళ్ళు "ఆ నెల ఇల్లెట్లా నడిపినవమ్మా" అంటే గంటసేపు చెబుతారు. అది వాళ్ళ కష్టం కూడా కాబట్టి. మొదటి షిఫ్టు ఏడింటికైతే సద్ది కట్టడానికి ఆమె ఎన్నింటికి లేచింది? నైట్ షిఫ్ట్ దిగి ఆయన పడుకుంటే ఇద్దరు పిల్లల్ని చప్పుడు చేయకుండా పగలంతా ఎట్లా కాపాడింది? మీ బాపు ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఆమె చేసిన సర్వీసు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. మీరు రాసేదాంట్లోనైనా ఉండాలి.

క్యాంటీన్ పూరీల సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. దాని దగ్గర ఆగండి. ఆయన తన పూరీలు తినకుండా తెచ్చారా, తాను తిని మీకోసం ఇంకో ప్లేటు కొన్నారా? జోడీ ఆయన తన వంతు కూడా ఇచ్చేవాడా? రోజూ తెచ్చేవారా, ప్లేడే ఉన్న ఆదివారం మాత్రమేనా? ఇవన్నీ వేరువేరు మనుషుల కథలు. ఊహించి రాయకండి. "తాను పస్తుండి మాకు పెట్టారు" అనే మాట చేతికి వెంటనే వస్తుంది, ఎవరి తండ్రికైనా అతుకుతుంది. అసలు జరిగింది ఏమిటో తెలిస్తే అది మీ బాపుకు ఒక్కరికే సరిపోతుంది.

తాగుడు గురించి. పోయినవాళ్ళను పల్లెత్తు మాట అనకూడదని మన దగ్గర పట్టింపు. సంవత్సరీకం నాడు అందరి ముందూ ఆ మాట చదవాల్సిన పని లేదని నేనూ అంటాను. అట్లాగని "ఎన్నడూ ఎవరినీ నొప్పించని దేవుడు" అనీ రాయకండి. ఆ మాట వింటూ అక్కడ మీ అమ్మ కూర్చుని ఉంటుంది. జీతాల రోజు రాత్రులు భరించిన మనిషి చెవుల్లో ఆ అబద్ధం పోయడం ఆమెను అవమానించడమే. "బాయి కష్టం మరిచిపోవడానికి తాగేవాడు" అని సర్దిచెప్పడం కూడా వద్దు. అదే బాయిలో తాగనివాళ్ళూ ఉన్నారు. ఏదో ఒక రోజు మీరూ అమ్మా ఇద్దరే ఉన్నప్పుడు, "ఆ రాత్రులు నాకు గుర్తున్నయమ్మా, నువ్వు ఎట్ల పడ్డవో నాకు తెలుసు" అనండి. ఆమె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే వదిలేయండి. ఏడాదిగా ఆమె నోరు విప్పకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అందరూ ఆయన్ను పొగుడుతుంటే ప్రేమ, కోపం రెండూ ఉన్న మనిషి ఏమని మాట్లాడుతుంది?

ఇక పేరు. మీ ఇంట్లో ఇది అన్నిటికంటే పెద్ద గొడవ అయింది కానీ నాకు ఇదే అన్నిటికంటే తేలిక. రెండు పేర్లూ వేయండి. ఊరి పేరు ముందు, కింద "సింగరేణిలో" అని బాయి పేరు. ఆ రోజుల్లో బొగ్గుబాయిలో చేరేటప్పుడు కాగితం మీద ఇంకో పేరుతో చేరినవాళ్ళు మీ ప్రాంతంలో కొల్లలు. ఎందుకు, ఎట్లా అన్నది ఫ్లెక్సీ మీద చెప్పక్కర్లేదు, దాచిపెట్టి సిగ్గుపడాల్సిన పనీ లేదు. మస్టర్ పిలిచినప్పుడు ముప్పై అయిదేళ్ళు ఆ పేరుకే ఆయన పలికారు. జోడీదారులు ఆ పేరుతోనే కేకేశారు. ఊరి పేరు ఒక్కటే వేస్తే బాయి దోస్తులు చౌరస్తాలో ఆ ఫ్లెక్సీ కింది నుంచే నడిచిపోతారు, ఎవరో అనుకుంటారు. కంపెనీ పేరు ఒక్కటే వేస్తే, చిన్నప్పటి నుంచి పిలిచిన పేరు అన్న పోయాక లేకుండా పోయిందని తమ్ముళ్ళకు కడుపుమంట. ఇద్దరిదీ న్యాయమే. చిన్నబాపు దగ్గరికి మీరే స్వయంగా పోయి చెప్పండి, ఫోన్లో వద్దు. పోయినప్పుడు బాపు ఊరు విడిచి ఎందుకు వచ్చారో, వచ్చిన రోజు ఎట్లా వచ్చారో కూడా అడగండి. అంతకుముందు ఇరవై అయిదేళ్ళ బాపు ఆయన దగ్గరే ఉన్నారు.

ఈ పేర్ల సంగతిలోనే ఒక కాగితాల పని ఉంది, మర్చిపోకముందే చెబుతాను. బొగ్గుగనుల పింఛను పథకం 1998లో వచ్చింది, దాని కింద భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. అమ్మకు అది మొదలైందో లేదో మీరు రాయలేదు. మరణ ధ్రువీకరణ పత్రంలో ఒక పేరు, సర్వీసు కాగితాల్లో ఇంకో పేరు ఉంటే అక్కడ ఆగిపోతుంది. మీ గోదావరిఖనిలోనే సీఎంపీఎఫ్ (బొగ్గుగనుల భవిష్యనిధి) ప్రాంతీయ కార్యాలయం ఉంది. పింఛను ఆర్డరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో పట్టుకొని అమ్మతో కలిసి వెళ్ళండి. రెండు పేర్లూ ఒకరివేనని ఏ కాగితం కావాలో అక్కడే రాయించుకోండి. పింఛను వస్తున్నట్టయితే ప్రతి నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి, ఆ బాధ్యత మీరే తీసుకోండి. రిటైరైనవాళ్ళ మెడికల్ కార్డు భార్యకూ పనిచేస్తుంది, అదీ చూడండి. ఐదొందల విస్తళ్ళ కంటే ఇది ముందు కావాలి.

మీ తమ్ముడి గురించి కొంచెం నెమ్మదిగా ఆలోచించమంటాను. అతను ఫ్లెక్సీ, భోజనాలు అని ఎగబడటం చూసి మీకు ఆడంబరంగా అనిపిస్తోంది. నాకు మాత్రం అక్కడ ఇంకో బాధ కనిపిస్తోంది. బొగ్గుబాయి ఊళ్ళల్లో తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడమంటే అది జీతం ఒక్కటే కాదు, క్వార్టర్, ఆసుపత్రి, పెళ్ళి సంబంధం, నలుగురిలో నిలబడటం. అది రాని కొడుకు అదే కంపెనీ జాగాలో కాంట్రాక్టు కింద చేస్తుంటే పక్కన పర్మనెంటు కార్మికుణ్ణి చూసిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. కానీ నిజం కూడా చూడాలి. సర్వీసు మిగిలి ఉండగా మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తేనే ఆ దారి. అదీ మధ్యలో చాలా ఏళ్ళు మూసుకుపోయింది, కారుణ్య నియామకాలు మళ్ళీ మొదలయ్యేటప్పటికి మీ బాపు రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. ఒంట్లో శక్తి ఉన్న మనిషి, పని చేయగలిగిన మనిషి, లేదని చెప్పుకోవడానికి ఇష్టపడలేదేమో. ప్రయత్నించి కాలేదేమో కూడా. అప్పట్లో యూనియన్ ఆఫీసుల చుట్టూ తిరిగారా, ఎవరినైనా అడిగారా? ఈ సంగతి కూడా ఆ జోడీ పెద్దాయనకు తెలిసే అవకాశం ఎక్కువ. మగవాళ్ళు ఇట్లాంటివి ఇంట్లో చెప్పరు, సద్ది దగ్గర చెప్పుకుంటారు.

అందుకే ఆయన దగ్గరికి వెళ్ళేటప్పుడు తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళండి. జవాబు ఏదైనా కానీ, అతను తన చెవులతో వినాలి. మీరు విని వచ్చి చెబితే "నువ్వు బాపునే వెనకేసుకొస్తవు" అంటాడు.

భోజనాల విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది. అప్పు చేయకండి. గిరిగిరి బాకీ తీర్చడానికి ఏళ్ళకేళ్ళు ఆదివారాలు బాయిలోకి దిగిన మనిషి పేరు మీద మళ్ళీ వడ్డీకి తెచ్చి విందు చేయడం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడటం లేదు. నలుగురికి అన్నం పెట్టడం మంచిదే, మన పద్ధతి. ఉన్నదాంట్లో పెట్టండి. తిథి ప్రకారం చేయాల్సిన కార్యం ఆ రోజు ఇంటివాళ్ళతో, చిన్నబాపు వాళ్ళతో చేసుకోండి. బాయి దోస్తులను మాత్రం ఆ తర్వాత వచ్చే ఆదివారం పిలవండి. తిథి మంగళవారమో బుధవారమో పడితే మొదటి షిఫ్టు వాడు బాయిలో ఉంటాడు, నైట్ షిఫ్ట్ వాడు నిద్రలో ఉంటాడు, రెండో షిఫ్టు వాడు తిని వెంటనే లేచిపోతాడు. ఆదివారమైతే రిటైరైనవాళ్ళూ, ఇంకా పనిలో ఉన్నవాళ్ళూ ఒక దగ్గర కూర్చోగలరు. ముప్పై నలభై మంది చాలు. అన్నం, పప్పు, ఒక కూర, మీ పద్ధతిలో మాంసం ఉంటే మాంసం. తిన్నాక ఎవరినీ తొందరగా పంపకండి. ఒకరు బాపు మాట ఎత్తితే ఇంకొకరు అందుకుంటారు. తమ్ముడి ఫోన్ అక్కడ ఆన్ చేసి పెట్టమనండి, ముందే వాళ్ళకు చెప్పి. ఐదొందల మంది తిని పోతే మీకు మిగిలేది బాకీ. ఈ నలభై మంది కూర్చుంటే బాపు గొంతు తప్ప మిగతావన్నీ దొరుకుతాయి.

ఫ్లెక్సీ తమ్ముణ్ణి కట్టించుకోనివ్వండి. చిన్నది చాలు. చౌరస్తాలో తండ్రి ముఖం చూసుకోవాలన్నది అతని కోరిక, దాన్ని కాదనకండి. "అశ్రునివాళి" కింద ఊళ్ళోని లీడర్ల ఫొటోలు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఆ జాగాలో బాయి పేరు, చేరిన ఏడాది, దిగిపోయిన ఏడాది, చేసిన పని వేయించండి.

హెల్మెట్, బూట్లు అమ్మవి. అవి ఎక్కడుండాలో ఆమె చెప్పాలి. తీసేద్దామని గానీ, అద్దాల పెట్టెలో పెడదామని గానీ మీరెవరూ తొందరపడకండి. ఏడాది గడిచింది కదా అని బంధువులు అంటారు, అననివ్వండి.

చదవాల్సిన కాగితం రెండు పేజీలు దాటనివ్వకండి. తండ్రి గురించి మాట్లాడుతూ గొంతు పూడుకుపోతే ఇంకొకరు అందుకొని చదవగలిగేలా పెద్ద అక్షరాలతో రాయండి. విశేషణాలు తగ్గించండి. "కష్టజీవి" అని మీరు అనక్కర్లేదు, ఏం చేశారో చెబితే వినేవాళ్ళే అనుకుంటారు. మీ ఉత్తరంలో ఉన్నవాటితోనే మచ్చుకు ఇట్లా మొదలుపెట్టొచ్చు:

"మా బాపుకు రెండు పేర్లు. ఊళ్ళో ఒకటి, బాయి మీద ఒకటి. రెండింటికీ పలికేవారు. 1984లో బదిలీ ఫిల్లర్‌గా దిగి, 2019లో ఆఖరి షిఫ్టు చేసి బయటికొచ్చారు. అప్పు తీరేదాకా ఆదివారం కూడా ఇంట్లో లేరు. ఆయన లోపల ఏం చేసేవారో చిన్నప్పుడు మాకు తెలియదు. ఈ నెలలో మీ దగ్గరికి వచ్చి అడిగి తెలుసుకున్నాం. మీరు చెప్పినవే ఇప్పుడు చదువుతున్నాను."

ఆ తర్వాత వాళ్ళు చెప్పినవి, వాళ్ళ మాటల్లోనే. ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో సహా చదవండి. అందులో అమ్మ చెప్పినది ఒకటైనా ఉండేలా చూడండి, చదివే ముందు ఆమెకు వినిపించి సరేనంటేనే. పోయినేడు ఆషాఢంలో పోయారు కాబట్టి ఈ సంవత్సరీకం అయ్యాక పెత్రమాసకు (భాద్రపద అమావాస్యకు) ఆయన్ను పెద్దల్లో కలుపుకొని బియ్యమిస్తారు కదా. ఆ రోజే మీ ఇళ్ళల్లో ఎంగిలిపూల బతుకమ్మ కూడా. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, పిల్లలందరూ ఒకచోట చేరతారు. అప్పుడు అదే కాగితం మనవలకు ఇంకోసారి చదవండి, ఆలోగా కొత్తగా తెలిసినవి కలిపి.

ఆ జోడీ పెద్దాయన దగ్గరికి ఈ ఆదివారమే వెళ్ళండి. ఆయాసమన్నారు కాబట్టి ఉదయం పూట వెళ్ళండి, ఒక్క విడతలో అన్నీ అడగకండి. గంట మించి కూర్చోవద్దు. వాళ్ళింట్లోవాళ్ళను కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి, ఆయన బాయి సంగతులు వాళ్ళూ విని ఉండరు. బాపు పాత ఫొటో ఉంటే, ముఖ్యంగా జట్టుతో దిగింది ఉంటే పట్టుకెళ్ళి, అందులో ఎవరెవరున్నారో వెనక పేర్లు రాయించుకోండి. ఇంకా ఎవరెవరు బతికి ఉన్నారో, ఎక్కడ ఉంటారో ఆయనే చెబుతారు, రెండో ఆదివారం అక్కడికి వెళ్ళండి.